విదేశాల నుంచి తెప్పించిన హెడ్‌లైట్లు చక్కగా కూర్చున్నాయి, కానీ రోడ్డు మీద అందరూ నన్నే తిడుతున్నారు

పాతబండి_కొత్తమోజు
నా బండికి పదకొండేళ్లు. హెడ్‌లైట్ల అద్దాలు పసుపెక్కిపోయి, రాత్రిపూట ఆముదం దీపం పెట్టుకుని నడుపుతున్నట్టు ఉండేది. రెండుసార్లు పాలిష్ పట్టించాను, ఆరు నెలలకి మళ్లీ అదే రంగు. చివరికి ఒక విదేశీ సెల్లర్ దగ్గర కొత్త జత ఆర్డర్ పెట్టాను. మోడల్ పేరు సరిపోయింది, సంవత్సరం సరిపోయింది, ఫోటో అచ్చం నా లైటే. ఇరవై ఆరు రోజులకి వచ్చింది. ఒక్క గీత లేదు. క్లిప్పులు టక్కున కూర్చున్నాయి, కనెక్టర్ కూడా అదే.

రాత్రి బయటికి తీశాక మొదలైంది. ఎదురొచ్చే ప్రతివాడూ నాకు డిప్పర్ కొడుతున్నాడు. నేను డిమ్‌లోనే ఉన్నాను మహాప్రభో! లెవెల్ స్క్రూ తిప్పి బాగా కిందికి దించాను. ఇప్పుడు నాకు రోడ్డు కనిపించడం లేదు, వాళ్లు మాత్రం కొట్టడం మానలేదు. సెల్లర్‌కి రాస్తే "మీ మోడల్‌కి సరిపోయింది కదా, వస్తువులో లోపం లేదు, కావాలంటే మీ ఖర్చుతో వెనక్కి పంపండి" అన్నాడు. కంప్లైంట్ పెట్టడానికి ఇంకా ఆరు రోజులే గడువు. అసలు తప్పు ఎక్కడ జరిగింది?

స్పేర్‌టైరు
బల్బు ఏది వేశావ్? 100 వాట్లది దూర్చావా?

పాతబండి_కొత్తమోజు
లేదన్నా, పాత బల్బులే. హెచ్4 రకం, 60/55 వాట్లవి.

నట్టుబోల్టు
రెండు ప్రశ్నలు. మీ దగ్గర రోడ్డుకి ఏ వైపు నడుపుతారు? సెల్లర్ ఉన్న దేశంలో ఏ వైపు?

పాతబండి_కొత్తమోజు
మాది ఎడమ. అతను ఉన్న చోట కుడి అనుకుంటా. దానికీ దీనికీ ఏం సంబంధం?

నట్టుబోల్టు
సంబంధమంతా దానిలోనే ఉంది. ఈ రాత్రి బండిని గోడకి ఎదురుగా ఐదారు మీటర్ల దూరంలో నిలబెట్టి డిమ్ వెయ్యి. వెలుగు పై అంచు ఒక గీతలా కనిపిస్తుంది. ఆ గీత సగం దాకా సమంగా వచ్చి, ఒక వైపు పైకి లేస్తుంది. ఎడమ వైపు నడిపేవాళ్లకి ఎడమ పక్కన లేవాలి. రోడ్డు పక్క మనిషి, బోర్డు, గుంత కనిపించడానికి. కుడి పక్కన లేస్తే అది నేరుగా ఎదుటివాడి కళ్లలోకే.

టర్బో_తమ్ముడు
ఎడమ లైటు కుడికి, కుడి లైటు ఎడమకి మారిస్తే సరిపోదా 😄

నట్టుబోల్టు
చెప్పులు మార్చి తొడుక్కున్నట్టా? కూర్చోవు తమ్ముడూ. కూర్చున్నా రెండు లైట్ల వెలుగూ ఒకే వైపు లేస్తుంది, మార్చినా ఏమీ మారదు.

పాతబండి_కొత్తమోజు
గోడ దగ్గర చూశాను. కుడి పక్కన లేస్తోంది, రెండూ. ఇంట్లో పాత లైట్లు పడేయలేదు కాబట్టి ఒకటి తీసి వైరు కలిపి చూశాను, అది ఎడమ పక్కన లేస్తోంది. పసుపు రంగులో అయినా సరే, సరైన వైపే లేస్తోంది పాపం.

వైపర్_వాణి
గోడ దాకా వెళ్లక్కర్లేదు, లెన్స్ మీదే రాసి ఉంటుంది. ఫోన్ టార్చ్ పక్క నుంచి వేసి, అద్దం కింది మూల చూడండి. వృత్తంలో ఇంగ్లిష్ ఈ (E) అక్షరం, పక్కన ఒక అంకె ఉంటాయి. 1 అయితే జర్మనీ ఆమోదం, 4 అయితే నెదర్లాండ్స్. అది ఆమోదం ఇచ్చిన దేశం మాత్రమే, తయారైన దేశం కాదు. దాని దగ్గరలో హాలోజన్ లైటైతే హెచ్‌సీఆర్ అనో, జెనాన్ లైటైతే డీసీఆర్ అనో ఉంటుంది. అసలు వెతకాల్సింది బాణం. లైటుకి ఎదురుగా నిలబడితే మన కుడి వైపు చూపించే బాణం ఉందంటే అది ఎడమ వైపు నడిపే రోడ్ల కోసం. రెండు వైపులా మొనలున్న బాణం అయితే రెండిటికీ పనికొస్తుంది. అసలు బాణమే లేకపోతే కుడి వైపు నడిపేవాళ్లది.

పాతబండి_కొత్తమోజు
చూశాను మేడమ్. వృత్తంలో ఈ, పక్కన 4. కింద హెచ్‌సీఆర్, ఒక 20. బాణం లేదు. పాతదాని మీద గోరుతో గీకి మురికి తీస్తే కనిపించింది, బియ్యపు గింజంత బాణం. పదకొండేళ్లుగా నా బండి మీదే ఉంది, ఒక్కసారి కూడా చూడలేదు.

ఓల్డ్_ఇంజన్_తాత
ఆ బియ్యపు గింజ కోసమే నాయనా సముద్రాలు దాటి సరుకు వచ్చింది.

స్పేర్‌టైరు
టేపు అంటించు. పక్క దేశంలోకి బండి తీసుకెళ్లేవాళ్లు లెన్స్ మీద స్టిక్కర్లు అతికిస్తారు కదా, అవే. పైకి లేచే ముక్క మూసుకుపోతుంది. పని అయిపోయింది.

వైపర్_వాణి
అది నాలుగు రోజుల ప్రయాణానికి. రోజూ నడిపే బండికి కాదు. టేపు వేస్తే ఎదుటివాడి కళ్లలో పడే వెలుగు ఆగుతుంది, నిజమే. కానీ మీ ఎడమ పక్కన పడాల్సిన వెలుగు ఎక్కణ్నుంచి వస్తుంది? అటు చీకటే. సైకిల్ మీద వెళ్లేవాడు అటు పక్కనే ఉంటాడు.

స్పేర్‌టైరు
నేను ఏడాది నడిపాను, ఏం కాలేదు.

వైపర్_వాణి
మీకు ఏం కాలేదు. సైకిలువాణ్ని అడిగారా?

నట్టుబోల్టు
కొన్ని ప్రొజెక్టర్ లైట్లలో లోపల చిన్న లివర్ ఉంటుంది, దాన్ని తిప్పితే వైపు మారుతుంది. నీది హెచ్4 రిఫ్లెక్టర్ కాబట్టి ఆ అదృష్టం లేదు. అద్దంలో వంపులు పోత పోసినప్పుడే వైపు ఖాయమైపోయింది.

కొననురా_బాబూ
అందుకే నేను విదేశాల నుంచి పిన్నీసు కూడా కొనను. పగిలితే చూపించడానికి మనిషి లేడు, తిట్టడానికి మొహం లేదు. కొనబోతే కొరివి, అమ్మబోతే అడవి. వెనక్కి పంపబోతే ఏమవుతుందో సామెత కూడా లేదు.

వైపర్_వాణి
నా బండి పాత జపాన్ దిగుమతి. తలుపు రబ్బర్లు, కిటికీ క్లిప్పులు ఇంకెక్కడా చేయరు. తయారీ కంపెనీయే ఆపేసిన భాగానికి మీరు చెప్పే మనిషి ఎవరు, మొహం ఏది? అవసరం ఉన్నవాళ్లు కొంటారు. ఎలా కొనాలన్నదే ప్రశ్న.

కొననురా_బాబూ
మీది గతిలేని అవసరం, అది వేరు. మిగతావాళ్లది మోజు. పేరులోనే ఉంది చూడండి.

పాతబండి_కొత్తమోజు
పేరు మార్చుకునే ఆప్షన్ ఉందా ఇక్కడ?

నట్టుబోల్టు
అసలు తప్పు సెల్లర్ దగ్గర కాదు, "మోడల్ పేరు సరిపోయింది" అన్న మాట దగ్గర ఉంది. మోడల్ పేరు పెట్టుకుని స్పేర్ కొనకూడదు. అదే పేరుతో, అదే సంవత్సరంలో, నాలుగు రకాల మార్కెట్లకి నాలుగు రకాల బళ్లు వెళ్తాయి. ఒకే మోడల్‌లో చిన్న ఇంజనుకి ఒక సైజు బ్రేక్ డిస్కు, పెద్ద ఇంజనుకి ఇంకో సైజు. విన్ నంబర్, అంటే బండి మీద ఉండే గుర్తింపు నంబర్, ఇచ్చి కంపెనీ క్యాటలాగులో పార్ట్ నంబర్ తీసుకోవాలి, ఆ నంబర్‌తోనే వెతకాలి.

ఉదాహరణకి టయోటా నంబర్లు ఐదు, మళ్లీ ఐదు, మధ్యలో గీతతో ఉంటాయి. మొదటి ఐదు ఏ భాగమో చెబుతాయి. 04465 అంటే ముందు బ్రేక్ ప్యాడ్లు, 04466 అంటే వెనకవి. తర్వాతి ఐదు ఏ బండికో చెబుతాయి. చివర్లో ఒక్క అంకె మారితే అది వేరే ప్యాడ్.

టర్బో_తమ్ముడు
విన్‌లో పదో అక్షరం చూస్తే సంవత్సరం తెలిసిపోతుందిగా, ఇంత కష్టం ఎందుకు?

వైపర్_వాణి
ఉత్తర అమెరికా బళ్లకి అది పక్కా. యూరప్ బళ్లలో చాలా కంపెనీలు ఆ చోట సంవత్సరం పెట్టవు. దాన్ని నమ్ముకుంటే దెబ్బతింటారు. జపాన్‌లో అమ్మడానికి చేసిన బళ్లకైతే 17 అక్షరాల విన్నే ఉండదు, పొట్టి ఫ్రేమ్ నంబర్ ఉంటుంది. సెల్లర్ సైట్‌లో 17 గళ్లు చూసి నేను మొదటిసారి ముందు సున్నాలు నింపాను. నవ్వకండి.

స్పేర్‌టైరు
నవ్వాను.

ఓల్డ్_ఇంజన్_తాత
విన్ రాసేటప్పుడు ఇంకో మాట. అందులో ఐ, ఓ, క్యూ అక్షరాలు ఎప్పుడూ ఉండవు, ఒకటి, సున్నాలతో కలిసిపోతాయని తీసేశారు. గుండ్రంగా కనిపించింది సున్నానే. మా అబ్బాయి ఓ అని రాసి, క్యాటలాగులో మీ బండి లేదంటోంది అని గంటసేపు దానితో పోట్లాడాడు.

గేరుగీత
నాకు జరిగింది చెప్పనా. సైడు అద్దం పగిలితే "డ్రైవర్ సైడ్" అని రాసి ఉన్నది తెప్పించాను. అవతలి డ్రైవర్ ఎడమ పక్కన కూర్చుంటాడు, మా డ్రైవర్ కుడి పక్కన. వచ్చింది ఎడమ అద్దం. పగలని వైపుది. ఇప్పుడు నా దగ్గర రెండు మంచి ఎడమ అద్దాలు, ఒక పగిలిన కుడి అద్దం ఉన్నాయి.

టర్బో_తమ్ముడు
అక్కా, ఎడమ వైపు భవిష్యత్తుకి ఢోకా లేదు.

నట్టుబోల్టు
డ్రైవర్ సైడు, ప్యాసింజర్ సైడు అన్న మాటలు ఉన్న లిస్టింగ్ చూస్తే ఆగిపోండి. సీట్లో కూర్చుని ముందుకు చూస్తే ఎడమా, కుడా అని అడిగి మెసేజ్‌లో రాయించుకోండి. ఫోన్‌లో మాట్లాడితే రేపు రుజువు ఉండదు.

పాతబండి_కొత్తమోజు
నా ఆరు రోజుల గడువు సంగతి చెప్పండి ఎవరైనా. ఇప్పుడు ఐదే.

కస్టమ్స్_కష్టాలు
"పనిచేయడం లేదు" అని పెట్టకండి, పనిచేస్తోంది కాబట్టి ఓడిపోతారు. "వివరణకి సరిపోలేదు" అని పెట్టండి. లిస్టింగ్‌లో మీ దేశం పంపే జాబితాలో ఉందా? ఏ వైపు ట్రాఫిక్‌కో ఎక్కడైనా రాశాడా? రాయకపోతే, మీ దేశానికి అమ్ముతూ అక్కడ వాడకూడని లైటు పంపాడని చెప్పండి. మూడు ఫోటోలు చాలు: బాణం ఉన్న పాత లెన్స్, బాణం లేని కొత్త లెన్స్, పక్కపక్కన. గోడ మీద వెలుగు ఫోటో మూడోది. కథ రాయకండి, నాలుగు లైన్లు చాలు. లిస్టింగ్ పేజీ స్క్రీన్‌షాట్ ఇప్పుడే తీసుకోండి, రేపటికి అతను మార్చేస్తాడు.

పాతబండి_కొత్తమోజు
స్క్రీన్‌షాట్ తీశాను. లిస్టింగ్‌లో ఏ వైపో ఎక్కడా లేదు. "అన్ని దేశాలకూ పంపుతాం" అని మాత్రం పెద్ద అక్షరాల్లో ఉంది.

కస్టమ్స్_కష్టాలు
ఆ పెద్ద అక్షరాలే మీ సాక్ష్యం.

గేరుగీత
అవతలివాడు "ముందు వస్తువు వెనక్కి పంపితే చూస్తాం" అంటే?

కస్టమ్స్_కష్టాలు
రిటర్న్ ఖర్చు ఎవరిదో తేలేదాకా పంపకూడదు. హెడ్‌లైటు డబ్బా బరువు తక్కువ, సైజు ఎక్కువ. కొరియర్‌వాళ్లు బరువు ఒక్కటే చూడరు. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగిస్తారు, వచ్చిన కిలోలు అసలు బరువు కన్నా ఎక్కువైతే దానికే డబ్బు. బంపర్ డబ్బా 170, 50, 40 అనుకోండి. తూకంలో ఐదారు కిలోలు. బిల్లు 68 కిలోలకి.

టర్బో_తమ్ముడు
68 కిలోలా! నేనే డబ్బాలో కూర్చుని వెళ్లి తెచ్చుకోవచ్చు.

స్పేర్‌టైరు
నువ్వు పట్టవు. బంపర్ ఎందుకురా మళ్లీ, మొన్న చక్రాలు అన్నావ్?

టర్బో_తమ్ముడు
చక్రాల కథ వద్దన్నా.

స్పేర్‌టైరు
చెప్పాల్సిందే. అందరూ వినండి. బండి బుక్ చేశాడు, డెలివరీకి రెండు నెలలుంది. ఈలోపు విదేశాల నుంచి అల్లాయ్ వీల్స్ తెప్పించాడు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం.

టర్బో_తమ్ముడు
సరే నేనే చెబుతా. సోమలింగం వచ్చాడు, బండీ వచ్చింది. వీల్ 5 బై 112, అంటే ఐదు బోల్టులు, 112 మిల్లీమీటర్ల వృత్తం. బండి 5 బై 114.3. బోల్టుల వృత్తంలో తేడా 2.3 మిల్లీమీటర్లు. చేత్తో పెడితే రెండు బోల్టులు పట్టాయి, మూడోది కాస్త గట్టిగా తిప్పితే అదీ ఎక్కేలా అనిపించింది. మెకానిక్ నా చేతిలో పానా లాక్కున్నాడు.

ఓల్డ్_ఇంజన్_తాత
ఆ మెకానిక్‌కి దండం పెట్టు. అలా బిగించిన చక్రం బోల్టు తల మీద ఒక అంచునే ఆనుతుంది. రోడ్డు మీద కాస్త కాస్త వదులవుతూ ఉంటుంది, నీకు తెలిసేది చివర్న. చక్రం కొనేటప్పుడు నాలుగు కొలతలు కావాలి బాబూ: బోల్టుల వృత్తం, మధ్య రంధ్రం, ఆఫ్‌సెట్ (చక్రం నడిమధ్య నుంచి బిగించే ముఖం ఎంత దూరమో), వెడల్పు. మధ్య రంధ్రం పెద్దదైతే రింగు వేయొచ్చు, చిన్నదైతే ఏం చేయలేం. నట్లు కూడా చూసుకోవాలి. టయోటా, హోండాలకి 12 మిల్లీమీటర్ల స్టడ్డు మీద 1.5 పిచ్ (అంటే మరల మధ్య దూరం), నిస్సాన్, సుబారులకి అదే స్టడ్డు మీద 1.25. ఒకదాని నట్టు ఇంకోదాని మీద మొదటి రెండు చుట్లు ఎక్కినట్టే ఎక్కుతుంది. ఆ తర్వాత బలవంతం చేశావో, స్టడ్డు మరలు పోతాయి.

గేరుగీత
సోమలింగం ఇప్పుడు ఎక్కడ?

టర్బో_తమ్ముడు
మేడ మీద నాలుగు పూలకుండీల కింద.

పిస్టన్_ప్రసన్న
డూప్లికేట్ల గురించి ఎవరూ మాట్లాడలేదేం? నేను ఇరిడియం స్పార్క్ ప్లగ్గులు తెప్పించాను. డబ్బా, హోలోగ్రామ్, అక్షరాలు, అన్నీ ఒరిజినల్‌లానే. ఇరిడియం ప్లగ్గులో మధ్య మొన 0.4 నుంచి 0.6 మిల్లీమీటర్లు, కుట్టు సూది అంత సన్నం. నాకు వచ్చినదానిలో ఆ మొన మొద్దుబారిన పెన్సిల్‌లా ఉంది. పాత ప్లగ్గు పక్కన పెట్టి చూస్తే గానీ తెలియలేదు. విడిగా చూస్తే ఎవరైనా మోసపోతారు.

కొననురా_బాబూ
ధర మిగతావాళ్ల కన్నా సగం ఉందా?

పిస్టన్_ప్రసన్న
మూడో వంతు ఉంది. తప్పు నాదే, ఒప్పుకుంటున్నా.

నట్టుబోల్టు
ఒకటి విడదీసి చూడాలి. ఒరిజినల్ కాని ప్రతిదీ డూప్లికేట్ కాదు. బండి కంపెనీ పేరుతో వచ్చేది ఒకటి. ఆ కంపెనీకి సరఫరా చేసే తయారీదారు తన సొంత డబ్బాలో అమ్మేది రెండోది, చాలాసార్లు అదే వస్తువు, ధర తక్కువ. సొంత పేరుతో చేసే ఆఫ్టర్‌మార్కెట్ మూడోది, అందులో మంచివీ ఉంటాయి, చెత్తా ఉంటుంది. ఇంకొకడి పేరు దొంగిలించినదే డూప్లికేట్. నేను ఎక్కువగా రెండో రకమే కొంటాను.

వైపర్_వాణి
బ్రేక్ ప్యాడ్లకి ఇంకో గుర్తు ఉంది. ప్యాడ్ వెనక రేకు మీద వృత్తంలో ఈ, పక్కన 90ఆర్ అని మొదలయ్యే నంబర్ ఉంటే, పట్టు ఒరిజినల్ ప్యాడ్‌కి 15 శాతం అటూ ఇటూలోపే ఉందని పరీక్షించి ఆమోదించారని అర్థం. ఆ గుర్తునీ దొంగిలించేవాళ్లు ఉంటారు, కాదనను. కానీ అసలు గుర్తే లేని ప్యాడ్ నేను ముట్టను.

పిస్టన్_ప్రసన్న
నాదో లెక్క: నడవడానికి సంబంధించినవి రిస్క్ చేస్తాను, ఆగడానికి సంబంధించినవి చేయను.

స్పేర్‌టైరు
ప్లగ్గులు మాత్రం రిస్క్ చేశావు. నడవలేదు.

గేరుగీత
సెకండ్ హ్యాండ్ ఎయిర్‌బ్యాగ్ తెప్పించుకోవచ్చా? స్టీరింగ్ మీది కవరు పగిలింది. విదేశీ స్క్రాప్ యార్డులో అచ్చం అదే రంగుది ఉంది, బ్యాగ్‌తో కలిపే అమ్ముతున్నారు.

వైపర్_వాణి
వద్దు. గట్టిగా చెబుతున్నాను, వద్దు. లోపల పేలే మందు ఉంటుంది. రవాణాలో అది యూఎన్ 3268, తొమ్మిదో తరగతి ప్రమాదకర సరుకు. మామూలు పార్సిల్‌లో "ప్లాస్టిక్ కవర్" అని రాసి పంపేవాడు విమానంలో ఉన్న అందరినీ మోసం చేస్తున్నాడు. అది ఏ ప్రమాదపు బండిలోంచి తీశారో, నీళ్లలో మునిగిందో, టకాటా కంపెనీ బ్యాగుల రీకాల్ జాబితాలో ఉందో మీకు తెలియదు. బ్యాగ్‌ని ఉబ్బించే ఆ టకాటా ఇన్‌ఫ్లేటర్లలో మందు ఏళ్ల తరబడి వేడికీ తేమకీ పాడై, పేలినప్పుడు ఇనప ముక్కలు మొహం మీదికి వచ్చి మనుషులు చచ్చిపోయారు. ఖాళీ కవరు ఒక్కటే దొరికితే ఆలోచించండి. అది కూడా బ్యాగ్ తెరుచుకునే చోట చీలేలా చేసిన అసలు కవరే అయితేనే.

గేరుగీత
వెంటనే కార్ట్‌లోంచి తీసేశాను.

ఓల్డ్_ఇంజన్_తాత
గేర్‌బాక్సు లాంటి బరువైనవి ఓడలో తెప్పించేవాళ్లకి ఒక మాట. చెక్కపెట్టె మీద గోధుమ కంకి గుర్తు, హెచ్‌టీ అన్న అక్షరాలు చెరగకుండా వేసి ఉండాలి. చెక్క నడిమధ్య కూడా 56 డిగ్రీల్లో 30 నిమిషాలు వేడెక్కించి పురుగు చంపారని దానర్థం. నా గేర్‌బాక్సుకి ఏ లోటూ లేదు, పెట్టెకి ముద్ర లేదు. రేవులో పెట్టె దగ్గరే ఆగిపోయింది. ఇనుముకి పురుగు పట్టదని చెప్పి చూశాను. నవ్వారు, వదల్లేదు.

టర్బో_తమ్ముడు
తాతా, 2021లో మీ సరుకేదో సూయజ్ కాలువలో ఇరుక్కుందని చెప్పారు కదా, ఇదేనా?

ఓల్డ్_ఇంజన్_తాత
అది ఇంజను మౌంటింగులు. అడ్డం తిరిగిన ఓడలో లేవు, దాని వెనక నిలబడ్డ ఓడల్లో ఒకదానిలో ఉన్నాయి. మార్చి 23న ఆగితే 29న కదిలింది. ఆరు రోజులే కదా అనుకున్నాను. ఆ తర్వాత రేవుల్లో పడిన రద్దీకి నా డబ్బా వచ్చేసరికి మూడు నెలలు. ఈలోపు ఇంట్లో అందరికీ ఆ కాలువ పటం కంఠతా వచ్చేసింది.

పిస్టన్_ప్రసన్న
ట్యాక్స్ ఎంత పడుతుందో ముందే తెలుసుకునే మార్గం ఉందా? కొరియర్ వాడు గుమ్మం దగ్గర బిల్లు చూపించినప్పుడే నాకు తెలుస్తోంది.

కస్టమ్స్_కష్టాలు
ఆర్డర్ పేజీలో డీడీపీ అని ఉందో డీఏపీ అని ఉందో చూడండి. డీడీపీ అయితే సుంకం కూడా అమ్మినవాడే కట్టి తెస్తాడు. డీఏపీ అయితే గుమ్మం దాకా తేవడం వరకే అతని పని, సుంకం మీది. కొరియర్ వాడు మీ తరఫున ముందే కట్టేసి, ఆ కట్టినందుకు ఇంకో ఛార్జీ వేస్తాడు. ఆ చిన్న ఛార్జీ దగ్గరే అందరికీ ఒళ్లు మండుతుంది.

రేటు కావాలంటే హెచ్ఎస్ కోడ్, అంటే కస్టమ్స్‌లో ఒక్కో రకం సరుకుకి ఉండే నంబర్, తెలియాలి. అందరూ బండి స్పేర్లన్నీ 8708 అనుకుంటారు. బంపరు, బ్రేకులు, చక్రాలు అందులోవే. కానీ హెడ్‌లైటు, వైపరు 8512. స్పార్క్ ప్లగ్గు 8511. ఆయిల్ ఫిల్టరు 8421. టైరు 4011. సాదా ముందు అద్దం 7007. ఒక్కో దానికి సుంకం ఒక్కోలా ఉండొచ్చు. నాలుగు రకాలు ఒకే డబ్బాలో వేసి ఇన్వాయిస్ మీద "ఆటో పార్ట్స్" అని రెండు ముక్కలు రాస్తే, విప్పి చూడకుండా వదిలే ఆఫీసరు ఉండడు.

స్పేర్‌టైరు
"గిఫ్ట్" అని రాయమంటే సరి. విలువ తక్కువ వెయ్యమనాలి. అందరూ చేసేదే.

కస్టమ్స్_కష్టాలు
నేనూ చేశాను ఒకసారి. తెప్పించిన టర్బోచార్జర్ దారిలో పోయింది. బీమా అడిగితే "మీరు రాసిన విలువ ఇంతే కదా" అని ఆ కాస్తా చేతిలో పెట్టారు. అంత జరిగాక ఎవరి మీద అరవాలి? పట్టుబడితే జరిమానా సరే సరి.

స్పేర్‌టైరు
...సరే, ఆ సలహా వెనక్కి తీసుకుంటున్నా. టేపు సలహా మాత్రం ఉంచుతాను.

వైపర్_వాణి
అదీ తీసుకోండి.

గేరుగీత
జపాన్ నుంచి స్టీరియో తెప్పించే ఆలోచన ఎవరికైనా ఉంటే, అక్కడ ఎఫ్ఎం 76 నుంచి 95 దాకే. మిగతా చాలా చోట్ల 87.5 నుంచి 108. అంటే కింది మూలలో నాలుగు స్టేషన్లు వస్తే గొప్ప. మెనూ అంతా జపనీస్. మా ఆయన బ్లూటూత్ అనుకుని నొక్కింది రీసెట్.

పాతబండి_కొత్తమోజు
అప్‌డేట్. కష్టాలు గారు చెప్పినట్టే పెట్టాను, మూడు ఫోటోలు, నాలుగు లైన్లు. మొదట సెల్లర్ పదో వంతు ఇస్తానన్నాడు. ఒప్పుకోలేదు. తర్వాత సగం అన్నాడు, వస్తువు నా దగ్గరే ఉంచుకోమన్నాడు. గడువు ఇంకో రోజే ఉంది. పూర్తిగా రావాలని పట్టుపట్టనా?

నట్టుబోల్టు
పట్టుపట్టు.

కస్టమ్స్_కష్టాలు
నేనైతే తీసుకుంటాను. మొత్తం కావాలంటే వెనక్కి పంపమంటారు, ఆ ఖర్చు మీ మీద పడితే సగం కూడా మిగలదు. ఒక్కటే జాగ్రత్త, డబ్బు ఖాతాలో పడేదాకా కంప్లైంట్ మూయకండి. "మీరు మూసేయండి, రేపు వేస్తాను" అంటాడు. ఆ రేపు రాదు.

పాతబండి_కొత్తమోజు
సరిగ్గా అదే మాట అన్నాడు! మూయలేదు. నిన్న రాత్రి సగం వచ్చింది, ఈ రోజు మూశాను.

ఇంకో సంగతి. పాత లైటు వెనక స్టిక్కర్ మీద పార్ట్ నంబర్ దొరికింది, దానితో వెతికితే ఎడమ వైపు నడిపే దేశంలోనే ఒక సెల్లర్ దొరికాడు. డబ్బు కట్టేముందు లెన్స్ మూల ఫోటో అడిగాను. విసుక్కుంటూ పంపాడు. బాణం ఉంది. పెద్దది చేసి మూడుసార్లు చూశాను. డబ్బా కొలతలు కూడా అడిగి, 5000తో భాగించి, ఆ తర్వాతే ఆర్డర్ పెట్టాను.

టర్బో_తమ్ముడు
అన్నా, ఆ బాణం లేని జత ఏం చేస్తారు? నా దగ్గర పూలకుండీలు ఇంకో రెండున్నాయి.

కుడిచేతి_రోడ్డు
ఇన్నాళ్లూ చదువుతూనే ఉన్నాను, మొదటిసారి రాస్తున్నా. మేముండే చోట కుడి వైపు నడుపుతాం. నాదీ అదే మోడల్, అదే ఏడాది. పోయిన నెల ఎడమ లైటు పగిలింది. ఆ జత నాకు ఇస్తారా?

పాతబండి_కొత్తమోజు
తీసుకో తమ్ముడూ! షిప్పింగ్ నువ్వు పెట్టుకో చాలు. ఇన్వాయిస్ మీద నేను ఇచ్చిన డబ్బులో మిగిలిన సగం రాస్తాను, గిఫ్ట్ అని రాయను.

కుడిచేతి_రోడ్డు
థాంక్స్ అన్నా. వెనక ఉన్న పార్ట్ నంబర్ పంపండి, నా విన్‌తో క్యాటలాగులో సరిచూస్తాను. అలాగే లెన్స్ మీద బాణం ఫోటో ఒకటి.

పాతబండి_కొత్తమోజు
బాణం లేదు, గొడవంతా అదే కదా.

కుడిచేతి_రోడ్డు
లేనట్టే ఫోటో పెట్టండి.